కన్ను ఆగే చోటు

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. పక్కనే వరసగా పూతరేకుల దుకాణాలు. బోర్డు మీది అక్షరాలు 50 మీటర్ల దూరం నుంచి ఆనుతాయనుకుంటే, వాటిని చదివి, నోరూరి, బ్రేకు మీద కాలు వెయ్యడానికి డ్రైవరుకు దొరికేది రెండు సెకన్ల పైచిలుకు. అందుకే ఆ బోర్డు మీద దుకాణం పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని పెద్దక్షరాలు, కింద ‘నేతివి, బెల్లానివి’ అని మరో రెండు మాటలు, అంతే. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డుల పనిలో ఒక మోటు లెక్క. ఆ లెక్కన 50 మీటర్లకు 16 అంగుళాల అక్షరం కావాలి. ఒత్తులూ గుడులూ ఉన్న తెలుగుకు ఇంకాస్త పెద్దదే కావాలి. ఈ లెక్కలు తెలిసినా తెలియకపోయినా, బండి ఆగకపోతే బేరం లేదన్న సంగతి రోడ్డు పక్క వ్యాపారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి దుకాణం ఒకటి వెబ్‌సైటు పెట్టుకుందనుకుందాం. ఫోనులో తెరవగానే పైన మూడు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరిగిపోతుంటాయి. రెండోదాంట్లో ఎవరో తెల్లవాళ్లు కోట్లు వేసుకుని చేతులు కలుపుకుంటూ ఉంటారు. పూతరేకులకూ వాళ్లకూ ఏం సంబంధమో ఎవరికీ తెలియదు. కింద ‘మా వెబ్‌సైటుకు స్వాగతం, సుస్వాగతం’. ఆ కింద పదకొండు వరసల పేరా: సంస్థాపకుల ఆశయం, నాణ్యతకు మారుపేరు, వినియోగదారుల సంతృప్తే పరమావధి. పెట్టె ఎంతో, హైదరాబాదుకు పంపుతారో లేదో, పంపితే ఎన్నాళ్లు నిలవ ఉంటాయో తెలియాలంటే బొటనవేలితో ఆరుసార్లు పైకి తొయ్యాలి. రోడ్డు మీద రెండు సెకన్ల విలువ తెలిసిన మనిషే, తెర దగ్గరకు వచ్చేసరికి కొనేవాడికి బోలెడు తీరిక ఉందనుకున్నాడు.

నిజానికి తెర దగ్గర తీరిక ఇంకా తక్కువ. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో గిట్టె లిండ్‌గార్డ్, ఆమె సహచరులు వెబ్‌పేజీలను మనుషులకు 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే చూపించి, చూడ్డానికి ఎలా ఉందో మార్కులు వెయ్యమన్నారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అరసెకను చూసి వేసిన మార్కులకూ, ఆ తళుకులో చూసి వేసిన మార్కులకూ చాలావరకు పొత్తు కుదిరింది. రెప్ప వేసి తియ్యడానికే కనీసం అంతకు రెట్టింపు పడుతుంది. ‘రెప్పపాటులో’ అన్న మాట ఇక్కడ బద్ధకంగా వినిపిస్తుంది. అంత కొద్ది సమయంలో ఎవరూ ఏమీ చదవరు. రంగుల పొందిక, ఖాళీ, గజిబిజి, ఇవే కంటికి అందుతాయి. పెళ్లివారింట్లో అడుగుపెట్టగానే సందడి తెలిసినట్టు పేజీ సంగతి తెలిసిపోతుంది.

చదవడం ఆ తరవాత మొదలవుతుంది. అదీ మనమనుకునేంత సాఫీగా సాగే పని కాదు.

కంటి లోపలి పొర మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంది. సన్నని అక్షరాలను పోల్చుకోగలిగేది అదొక్కటే. చెయ్యి చాచి బొటనవేలి గోరును చూడండి, సుమారుగా ఆ గోరంత మేరే ఫోవియా ఏలుబడి. మిగతాదంతా మసక. ఆ మసకను మెదడు అతుకులేసి మనకు నిండు దృశ్యంగా చూపిస్తుంది. ఫోనును అడుగు దూరంలో పట్టుకుంటే ఆ మేర తెర మీద ఒక సెంటీమీటరు ఉంటుంది. మామూలు సైజు తెలుగు అక్షరాలు అందులో నాలుగైదు పడతాయి. కన్ను అక్కడ పావు సెకను ఆగుతుంది, ఎగురుతుంది, మళ్లీ ఆగుతుంది. ఎగిరే సమయంలో దాదాపు ఏమీ చూడదు. ఫ్రెంచి నేత్రవైద్యుడు లూయీ ఎమిల్ జవాల్ 19వ శతాబ్దం చివరిపాదంలోనే ఈ గెంతుల గురించి రాశాడు. చదివే కన్ను కాలవలో పడవలా జారిపోదు, కాలవగట్టు మీద పిచ్చుకలా గెంతుతుంది.

గెంతే పిచ్చుకకు గింజలు ఎక్కడ చల్లాలన్నదే పేజీ తయారుచేసేవాడి తలనొప్పి.

వెబ్‌పేజీల మీద ఈ గెంతులను ఓపిగ్గా లెక్కపెట్టినవాడు డెన్మార్కుకు చెందిన జేకబ్ నీల్సన్. 1997లో ఆయన బృందం చూసినవాళ్లలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన తడిమి వదిలేశారు. మాటమాటా చదివినవాళ్లు 16 శాతమే. అదే ఏడు ఆయన ఇంకో పని చేశాడు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చూడదగ్గ చోట్ల గురించి ఒకే సమాచారాన్ని అయిదు రకాలుగా రాయించి, అయిదు పేజీలుగా పెట్టి, వేరువేరు మనుషుల చేత వాడించాడు. ఒకటి మామూలు ప్రచార ధోరణిలో ఉంది, అద్భుతం, అపూర్వం అంటూ. ఒకదాంట్లో మాటలు సగానికి తగ్గించారు. ఒకదాన్ని విడివిడి ముక్కలుగా, చుక్కలు పెట్టి వరసగా పేర్చారు. ఒకదాంట్లో పొగడ్త తీసేశారు. చివరిదాంట్లో ఈ మూడూ కలిపి చేశారు. పేజీ ఎంత సులువుగా పనికొచ్చిందో కొలిస్తే, మాటలు తగ్గించినది 58 శాతం, ముక్కలుగా పేర్చినది 47 శాతం, పొగడ్త తీసినది 27 శాతం మెరుగు. మూడూ కలిసినది ఏకంగా 124 శాతం మెరుగు. పాపికొండల బోటు షికారు టికెట్లు అమ్మేవాళ్లకు నెబ్రాస్కా దూరమే గానీ ఈ ప్రయోగం మాత్రం ఇంటి పక్కదే. ‘ప్రకృతి ఒడిలో మధురానుభూతి’ అన్న వరస చదివినవాడికి బోటు ఎన్నింటికి బయలుదేరుతుందో, భోజనం టికెట్టులో కలిసి ఉందో లేదో తెలియదు.

2006లో నీల్సన్ 232 మంది కళ్ల కదలికలను యంత్రాలతో రికార్డు చేసినప్పుడు మరో సంగతి బయటపడింది. జనం పేజీ పైన ఒక అడ్డగీతలా చూస్తారు, కొంచెం కిందకు దిగి ఇంకో పొట్టి అడ్డగీత, ఆపైన ఎడమ అంచు వెంబడి జారిపోతారు. కళ్లు తిరిగిన మేర ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరంలా కనిపించింది. అప్పటినుంచి వెబ్ డిజైను నేర్పే ప్రతి చోటా ఒకటే పాఠం: ముఖ్యమైన మాట ఎడమవైపు, వాక్యం మొదట్లో పెట్టండి.

తెలుగువాడికి చిక్కు ఇక్కడే. తెలుగు వాక్యం తన గుట్టు చివరిదాకా విప్పదు. ‘హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాలకు వెయ్యి రూపాయలు దాటిన ఆర్డర్లపై డెలివరీ చార్జీలు విడిగా తీసుకోము’ అనే వాక్యంలో బేరమంతా ‘తీసుకోము’ దగ్గర ఉంది. అందులోనూ చివరి ‘ము’ దగ్గర. ఎడమ అంచున జారిపోయే కన్నుకు అందేవి హైదరాబాద్, డెలివరీ, చార్జీలు. అంటే చార్జీ ఉందన్నమాట అనుకుని కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు. ఇంగ్లీషు వాక్యంలో కాదనే మాట ముందే వచ్చేస్తుంది. మనకది క్రియకు తోకలా వస్తుంది. ఇంగ్లీషు పేజీని ఎదురుగా పెట్టుకుని వరసకు వరస తెలుగు చేసిన వెబ్‌సైట్లు ఎంత అందంగా ఉన్నా ఎందుకు ఎక్కవో చాలామంది ఫాంటు మీదకు నెడతారు. సగం తప్పు ఈ తోకదే. ‘డెలివరీ ఉచితం. ఆర్డరు వెయ్యి రూపాయలు దాటాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖకు మాత్రమే.’ ఇలా విరగ్గొడితే ప్రతి వాక్యమూ పిచ్చుక గెంతుకు అందుతుంది. చిన్న వాక్యం తెలుగులో సోకు కాదు, వ్యాకరణం పెట్టిన అవసరం.

మాట తీరు గురించి గోదావరి జిల్లాల వాళ్లకు బయటివాళ్లు పాఠం చెప్పాల్సిన పని లేదు. దుకాణంలో అడుగుపెడితే ‘రండి, కూర్చోండి, ఏం కావాలండీ?’ అంటారు. ‘ఆయ్’ అని తలాడిస్తారు. అదే మనిషి వెబ్‌సైటులో ‘మా వద్ద అత్యుత్తమ ప్రమాణములతో తయారుచేయబడిన ఉత్పత్తులు సరసమైన ధరలకు లభించును, సంప్రదించగలరు’ అంటాడు. గొంతు మారిపోతుంది. ఇలా గొంతు మార్చి రాయడం మీదనే గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోట్లాడాడు. 1863లో పుట్టి, పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ, సవరల భాష నేర్చుకుని, మాట్లాడే తెలుగే బళ్లోనూ పుస్తకంలోనూ ఉండాలని వాదించిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి వచ్చేసి రాజమహేంద్రవరంలో స్థిరపడ్డాడు. ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు ‘గిడుగు’. ఆ ఫాంటులో ‘లభించును’ అని రాసినవాళ్లూ ఉండే ఉంటారు.

పొగడ్త బదులు ఏం రాయాలన్నది మరో ప్రశ్న. ఆత్రేయపురంలో రేకు ఎలా వస్తుందో ఒక్కసారి చూస్తే జవాబు దొరుకుతుంది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లలా జారేట్టు పలచన చేస్తారు. అందుకు జయ రకం బియ్యం వాడతారు. పొయ్యి మీద కుండను బోర్లిస్తారు. పలచని గుడ్డను ఆ పిండినీళ్లలో ముంచి, రెండు కొసలు పట్టుకుని, వేడెక్కిన కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. గుడ్డ వెళ్లిన దారిలో తెల్లని పొర మిగులుతుంది. దాన్ని చిరగకుండా ఊడదీయడమే విద్య. తరవాత రేకులకు నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో చల్లి మడత పెడతారు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ‘అత్యుత్తమ ప్రమాణములు’ అన్న మాటను పక్కన పెట్టి ఈ కుండనూ గుడ్డనూ ఆరు చిన్న వాక్యాల్లో చెప్పి, పక్కన రేకు ఊడదీస్తున్న చేతుల ఫొటో ఒకటి పెడితే, కన్ను తప్పకుండా అక్కడ ఆగుతుంది.

ఇక అక్షరం సంగతి.

‘స్త్రీ’ అన్న మాటను చూడండి. మన కంటికి ఒక అక్షరం. కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. మామూలుగా ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తింటుంది కాబట్టి ఆ ఒక్క అక్షరానికి 18 బైట్లు. ఆరింటినీ కలిపి ఒక బొమ్మగా పేర్చే పని ఫాంటుది, ఫోనుది. అది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో టైపు చేసిన సందేశం అందగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొన్ని ఫోన్లు మళ్లీమళ్లీ ఆగి మొదలవసాగాయి. యాపిల్ సంస్థ హడావిడిగా కొత్త సాఫ్ట్‌వేరు విడుదల చేసి సరిదిద్దింది. జ్ఞానంలోని మొదటి అక్షరం అంత పని చేస్తుందని ఎవరనుకున్నారు!

‘స్త్రీ’ మూడంతస్తుల మేడ. నడిమి అంతస్తులో స, పైన గుడి, కింద ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాలు చాలామటుకు ఒకటిన్నర అంతస్తులోనే కాపురం చేస్తాయి. ఇంగ్లీషు కోసం తయారైన వెబ్‌సైటు నమూనాలో వరసకూ వరసకూ మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటింబావు రెట్లు ఉంటే, తెలుగు పోసేసరికి పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. బటన్లలో అయితే ఒత్తు కింద సగానికి తెగిపోతుంది. ‘ఆర్డర్ చెయ్యండి’లో య ఒత్తు తెగితే అదేం మాటో పోల్చుకోవడానికి కన్ను వెనక్కి గెంతాలి. వరసల మధ్య దూరాన్ని ఒకటిన్నర పైన, ఒకటీ ముప్పావు దాకా పెంచితే ఈ కుమ్ములాట ఆగుతుంది. ఖరీదు లేని మందు ఇది. అయినా ఎక్కువ పేజీలు ఈ జబ్బుతోనే ఉంటాయి, కారణం డిజైను చేసేటప్పుడు తెరమీద ఉన్నది ఇంగ్లీషు. తెలుగు చివరి రోజు వస్తుంది, అద్దెకొచ్చినట్టు.

అక్షరాలను దగ్గరగా ఇరికిస్తే విడిగా పోల్చుకోగలిగినవి కూడా గుంపులో పోల్చుకోలేం. దృష్టిశాస్త్రంలో దీన్ని రద్దీ అంటారు. డచ్చి శాస్త్రవేత్త హెర్మన్ బౌమా 1970లో దీని కొలత చెప్పాడు. తెలుగులో ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ప, ఫ, ష, వ, మ అన్నీ దూరపు చుట్టాలు. అక్షరం సైజు తగ్గి, పైగా బొద్దుగా చేస్తే ఆ చుక్కా గీతా సున్నాల కడుపులో కలిసిపోతాయి. ఇంగ్లీషులా పక్కకు వాల్చి రాసే ఇటాలిక్ సంప్రదాయం తెలుగుకు లేదు. బ్రౌజరు బలవంతంగా వాలిస్తే అక్షరాలు గాలివానకు ఒరిగిన అరటిచెట్లలా ఉంటాయి. పెద్దబడి చిన్నబడి అక్షరాలూ లేవు. ఇంగ్లీషు వాక్యం ఎక్కడ మొదలైందో, ఊరి పేరు ఏదో పెద్దక్షరం చెప్పేస్తుంది. తెలుగు పేరాలో అలాంటి మైలురాళ్లు ఉండవు. కాబట్టి ఉపశీర్షిక, పేరా విరుపు, ఖాళీ వరస ఇవే మైలురాళ్ల పని చెయ్యాలి.

ఇంకో పేచీ, పేరా రెండంచులనూ సమంగా కత్తిరించాలన్న ముచ్చట. పుస్తకంలో బాగుంటుంది. ఫోనులో ఒక వరసకు మూడు నాలుగు తెలుగు మాటలే పడతాయి, ‘కొనుగోలుదారులందరికీ’ వంటిది వస్తే రెండే. కుడి అంచు తిన్నగా రావడానికి మాటల మధ్య ఖాళీలను సాగదీస్తే పేరా మధ్యలో తెల్లటి చారలు పైనుంచి కిందకు పారతాయి. ఇంగ్లీషు అచ్చుపనివాళ్లు వీటిని నదులంటారు. ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగినవాళ్లు వీటిని పంటబోదెలంటే సరిపోతుంది. ఎడమ అంచు తిన్నగా, కుడి అంచు ఎగుడుదిగుడుగా వదిలేస్తే బోదెలన్నీ పూడిపోతాయి. అన్నట్టు, విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన తెలుగు ఫాంటు పేరు ‘గౌతమి’. గోదావరి తూర్పు పాయ పేరు. చాలామంది తెలుగువాళ్లు కంప్యూటరు తెర మీద యూనికోడ్ తెలుగును మొదట చూసింది ఆ ఫాంటులోనే.

అందమైన అక్షరం వేరు, చదివే అక్షరం వేరు. దీనికి బాపు కంటే మంచి ఉదాహరణ లేదు. 1933లో నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ చేతిరాత ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆయన రాతే ఫాంటుగా మారి పెళ్లిపిలుపుల మీదా పుస్తకాల అట్టల మీదా తిరుగుతోంది. అట్ట మీద, శీర్షికలో, దుకాణం పేరులో దానికి సాటి లేదు. అదే ఫాంటులో రిటర్న్ పాలసీ నలభై వరసలు పోస్తే పదో వరసకు కన్ను అలిసిపోతుంది. చేతిరాతలో ప్రతి అక్షరమూ తన వంక చూడమంటుంది మరి. బాపు దగ్గర వెబ్‌సైటువాళ్లు నేర్చుకోవాల్సింది ఆయన అక్షరం కన్నా ఆయన వదిలేసిన చోటు. ఆయన కార్టూన్లలో గోడ ఉండదు, నేల ఉండదు, ఒక గీతతో కుర్చీ, ఇంకో గీతతో మనిషి నడుము. మిగతా కాగితమంతా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపే చూపును మనిషి మీదకు తోలుతుంది. ఖాళీ కనిపిస్తే డబ్బు దండగైనట్టు బాధపడే వ్యాపారి ఆ కార్టూన్ ఒకటి ఎదురుగా పెట్టుకోవచ్చు.

రంగుల విషయంలో మనవాళ్ల చెయ్యి ధారాళం. ఎరుపు మీద పసుపు శుభలేఖ రంగు, శుభమని నమ్మకం కూడా. దీన్ని కొలవడానికి ఒక సూత్రం ఉంది. వెబ్ ప్రమాణాలు చూసే ప్రపంచ సంస్థ అక్షరం రంగూ వెనకరంగూ ఎంత కాంతినిస్తాయో లెక్కగట్టి, రెంటి నిష్పత్తి మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటుంది. తెలుపు మీద నలుపుకు అది 21. నిండు ఎరుపు మీద నిండు పసుపుకు 3.7. పెద్ద శీర్షికకు సరిపోతుంది, చిన్నక్షరాలకు చాలదు. ముదురాకుపచ్చ మీద ఎరుపైతే 1.3 దాకా పడిపోవచ్చు. అరిటాకు మీద మిరపపండులా మెరుస్తుంది గానీ అక్షరం ఆనదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని మగవాళ్లు మనలో ఉండనే ఉన్నారు, వాళ్లకు అక్కడ అసలేమీ రాసినట్టే ఉండదు. అలాగని పసుపూ కుంకుమా మానుకోమని కాదు. ఎరుపును మెరూన్ దాకా ముదరబెడితే చాలు, అదే పసుపుకు నిష్పత్తి 10 దాటిపోతుంది. శుభమూ మిగిలింది, చూపూ మిగిలింది. కొత్తతరం డిజైనర్ల జబ్బు దీనికి తిరగబడింది: తెలుపు మీద లేత బూడిదరంగు సన్నని అక్షరాలు. ఏసీ గదిలో, పాతికేళ్ల కళ్లకు ముద్దుగా ఉంటాయి. చెరువుగట్టు మీద మధ్యాహ్నపు ఎండలో ఫోను పట్టుకున్న యాభై ఏళ్ల రైతుకు ఆ పేజీ ఖాళీ కాగితం.

ఆ రైతు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు ఫోను తెరిచేది ఒక్క అంకె కోసం: ఇవాళ తన కౌంట్‌కు రేటెంత? కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పట్టుబడి ఇవాళా, ఇంకో వారం ఆగాలా అన్నది ఆ అంకె మీద ఆధారపడుతుంది. రేట్లు ఇచ్చే పేజీ ఎలా ఉండాలో తేల్చడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు. పైన తేదీ, స్పష్టంగా. కింద రెండే నిలువు వరసలు, కౌంట్, రేటు. అంకెలు మాటల్లో కాకుండా అంకెల్లోనే, కుడి అంచుకు ఒదిగి ఒకదాని కింద ఒకటి, వందల కింద వందలు పదుల కింద పదులు పడేట్టు. ‘నేటి రొయ్యల ధరలు అంతర్జాతీయ విపణి ఒడుదొడుకుల నేపథ్యంలో’ అంటూ పేరా మొదలుపెట్టినవాడు చెరువుగట్టు ఎప్పుడూ ఎక్కలేదని అర్థం. అయిదు నిలువు వరసల పట్టిక పెట్టి, ఫోనులో పక్కకు లాగి చూసుకోమనడమూ అంతే. రైతు రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

కడియం నర్సరీలవాళ్ల కష్టం ఇంకొకటి. వాళ్లు అమ్మేదే రంగు. వందల రకాల మొక్కలు, ప్రతిదానికీ ఫొటో కావాలి. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగు మెగాబైట్లు ఉందనుకుంటే, ఒక పేజీలో ఇరవై పెడితే 80 మెగాబైట్లు. సెకనుకు 10 మెగాబిట్లు వచ్చే సిగ్నలు మీద అవన్నీ దిగడానికి నిమిషం దాటుతుంది. గూగుల్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం, మూడు సెకన్లు దాటితే మొబైల్‌లో సగానికి పైగా జనం వెళ్లిపోతారు. తెర మీద బొమ్మ కనిపించే వెడల్పు ఎలాగూ మూడంగుళాలు లేదు. ఆ వెడల్పుకు తగ్గట్టు కుదిస్తే ఒక్కో ఫొటో వంద కిలోబైట్ల దగ్గర ఆగుతుంది, పేజీ మొత్తం రెండు మెగాబైట్లు, రెండు సెకన్లలోపు దిగిపోతుంది. మందారం రంగు ఏమీ తగ్గదు. ఉప్పాడ జామ్దానీ చీర అమ్మేవాళ్లకు మాత్రం ఇంకో ఫొటో కూడా కావాలి, పగటి వెలుతురులో, పోగులు లెక్కపెట్టేంత దగ్గరగా, చీర తిరగేసి. రెండువైపులా బుటా ఒకేలా ఉండడమే ఆ నేత గొప్ప. బొమ్మకు కట్టిన చీర ఎంత దగ్గర నుంచి తీసినా ఆ సంగతి చెప్పదు.

ఇన్ని చెప్పుకున్నా, చాలా దుకాణాల వెబ్‌సైట్లలో అసలు తెలుగు అక్షరమే ఉండదు. అక్షరాల ఫొటో ఉంటుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన పాత ఫాంట్లు తెర మీద తెలుగులా కనిపించినా లోపల దాచుకునేవి ఇంగ్లీషు సంకేతాలు. ఆ కరపత్రంలోని మాటలను తెచ్చి వెబ్‌సైటులో అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. దాంతో విసిగి, కరపత్రాన్నే ఫొటోగా ఎక్కించేస్తారు. అప్పుడు అక్షరం పెద్దది చేస్తే మసకబారుతుంది. ఫోను నంబరు మీద నొక్కితే కాల్ వెళ్లదు. గూగుల్‌లో ‘పూతరేకులు’ అని వెతికితే ఆ పేజీ దొరకడం దైవాధీనం. యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయించడానికి ఒక పూట పని, అంతే. టైపు చేసేటప్పుడు ‘వెబ్‌సైట్’ అన్నది ‘వెబ్సైట్’గా, ‘హైదరాబాద్‌లో’ అన్నది ‘హైదరాబాద్లో’గా ముద్దకట్టకుండా, పొల్లు తరవాత కంటికి కనిపించని ఒక విడిగుర్తు పెట్టాలన్నది తెలిసినవాడైతే ఇంకా మంచిది.

అక్షరాల ఫొటో వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేవాళ్లు చూపులేనివాళ్లు. వాళ్ల ఫోన్లు పేజీని పైకి చదివి వినిపిస్తాయి, తెలుగులో కూడా. అక్షరమైతే చదువుతాయి. ఫొటో ఎదురైతే చాలాసార్లు ‘చిత్రం’ అని ఊరుకుంటాయి. రాజమహేంద్రవరంలో రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం చూపు పోయాక కూడా చెప్పి రాయిస్తూ తెలుగు చదివేవాళ్లను దశాబ్దాలపాటు నవ్వించాడు. ఆయనకు చదివి వినిపించే మనుషులు ఉండేవారు. ఫోను ఆ పని చెయ్యాలంటే ప్రతి ఫొటో వెనకా ఒక చిన్న వివరం రాసి పెట్టాలి. ఆల్ట్ టెక్స్ట్ అంటారు దాన్ని. పేజీ మీద ఎవరికీ కనిపించదు, అడిగినవాళ్లకే వినిపిస్తుంది. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, లేదా కెమెరా పెట్టిన అంకెల పేరునే ఉంచేస్తారు. రాయడానికి పట్టేది పది సెకన్లు: ‘స్టీలు పళ్లెంలో మడతపెట్టిన అయిదు పూతరేకులు. కాగితం కన్నా పలచన. అంచుల్లోంచి బెల్లం పొడి రాలుతోంది.’